దత్తత దరఖాస్తులో లేని గడి

దత్తతకు వాకబు చేసేవాళ్లు మొదట అడిగేది ఎన్నాళ్లు పడుతుందని. రెండో ప్రశ్న గొంతు తగ్గించి వస్తుంది: "మన కులం బిడ్డ దొరకతాదా? రంగు మరీ తక్కువ లేకుండా?" తిరుపతిలోనైనా కుప్పంలోనైనా జవాబు ఒకటే. దత్తతకు దరఖాస్తు పెట్టుకునే ప్రభుత్వ వెబ్‌సైటు కేరింగ్స్ పోర్టల్లో ఆడా మగా, వయసు, ఆరోగ్యం, రాష్ట్రం లాంటివి ఎంచుకోవచ్చు. కులానికీ రంగుకూ గడి లేదు. ఉన్నా నింపేదెవరు? బస్టాండులో దొరికిన పసిబిడ్డది ఏ కులమో చెప్పడానికి అక్కడ ఎవరూ ఉండరు.

ఆ గడి లేకపోవడమే దళారీకి పెట్టుబడి. "మీ కులం పిల్లే కనింది, బిడ్డ తెల్లగా ఉండాది, వారంలో బాండు రాసిస్తాం" అని ఫోను వస్తే అక్కడితో పెట్టేయండి. నోటరీ బాండు దత్తత పత్రం కాదు. బిడ్డను కొన్నా అమ్మినా బాల న్యాయ చట్టం 81వ సెక్షను కింద 5 ఏళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల జరిమానా. ఆసుపత్రివాళ్లు చేస్తే జైలు 3 నుంచి 7 ఏళ్లు. కాన్పు రికార్డులో పెంచే తల్లి పేరే రాయించేస్తే బయటపడదనుకుంటారు. బయటపడిన రోజున బాలల సంక్షేమ కమిటీ ముందుకు వెళ్లేది బిడ్డే. అప్పటికి ఆ బిడ్డ అమ్మా అని పిలుస్తూ ఉంటుంది.

తెలిసినవాళ్ల బిడ్డే కావాలంటే 1956 నాటి హిందూ దత్తత చట్టం ఉంది. కన్నవాళ్లే ఇవ్వాలి, పైసా చేతులు మారకూడదు, ఆచారం ఉంటే తప్ప బిడ్డకు 15 నిండి ఉండకూడదు. హిందువైన కొడుకో, కొడుకు కొడుకో బతికి ఉంటే మళ్లీ మగబిడ్డను తీసుకోవడం కుదరదు. ఇది చూసుకోకుండా రాసుకున్న పత్రం చెల్లదు. దత్త హోమం తప్పనిసరి కాదు గానీ రిజిస్ట్రేషను మాత్రం మానొద్దు. రిజిస్టరైన పత్రం ఉంటే దత్తత జరగలేదని నిరూపించాల్సిన బాధ్యత కాదనేవాళ్లదే అవుతుంది.

మరి బిడ్డ పుట్టు నేపథ్యాన్ని చట్టం పట్టించుకోదా? పట్టించుకుంటుంది, కానీ తిరగేసి. వీలైనంత వరకు బిడ్డను తన సామాజిక, సాంస్కృతిక వాతావరణంలోనే పెట్టాలని 2022 దత్తత నిబంధనలు చెబుతాయి. 1992లో మనదేశం ఒప్పుకున్న బాలల హక్కుల ఒడంబడిక 20వ అధికరణలోనూ జాతి, మతం, సంస్కృతి, భాష అన్న మాటలున్నాయి. అవన్నీ బిడ్డకు అలవాటైనవి తెగిపోకుండా చూడటానికి. పెద్దల అభిరుచికి సరుకు ఎంచుకోవడానికి కాదు. ఈ లెక్క కుదర్చడం ఎవరికీ తేలిక కాలేదు. జాతి కారణంగా దత్తత ఆపకూడదని అమెరికా 1994, 1996 చట్టాల్లో రాసుకుంది. దత్తత ఏజెన్సీలు బిడ్డ జాతి, భాషలను ప్రత్యేకంగా లెక్కలోకి తీసుకోవాలన్న నియమాన్ని ఇంగ్లండు 2014లో తీసేసింది. నల్లజాతి పిల్లలకు ఇళ్లు దొరకడం ఆలస్యమవుతోందన్నదే అక్కడి వాదన.

రెఫరల్ వచ్చాక, అంటే పోర్టల్ మీకో బిడ్డను చూపించాక, బిడ్డ ఫొటో, అధ్యయన నివేదిక, వైద్య నివేదిక కనిపిస్తాయి. 48 గంటల్లో రిజర్వు చేసుకోవాలి. ఆ రెండు రోజులూ వైద్య నివేదికను పిల్లల డాక్టరుకు చూపించడానికి. ఫొటోను బంధువుల గ్రూపులో పెట్టి "ఎవురి పోలికో" అని తేల్చుకోవడానికి కాదు, అది గోప్యత ఉల్లంఘన కూడా. పుట్టిన రంగు నెలల్లో మారుతుంది, చెవి అంచు చూసి జోస్యం చెప్పే పెద్దమ్మల మాట వదిలేయండి. నడుం కింద, పిరుదుల మీద నీలి మచ్చలుంటే కొట్టారేమోనని కంగారుపడొద్దు. మన పిల్లల్లో అవి మామూలే. దెబ్బ కమిలితే రోజుల్లో రంగు మారి పోతుంది. ఇవి అలాగే ఉండి ఏళ్ల మీద వాటంతటవే మాసిపోతాయి. డాక్టరు చేత రాయించి పెట్టుకుంటే రేపు క్రెష్‌లో మిమ్మల్ని అనుమానించరు. తెల్లబడాలని సున్నిపిండితో రుద్దడం, స్టెరాయిడ్ క్రీములు పూయడం మాత్రం వద్దే వద్దు. చర్మం పల్చబడి పుండ్లు పడతాయి.

తిరుపతి, కుప్పం వైపు మన జిల్లాల్లో అసలు కష్టం రంగు కాదు, భాష. ఒక పక్క తమిళం, కుప్పం దగ్గర కన్నడమూ, ఊళ్లలో ఉర్దూ, తండాల్లో సుగాలీల మాట. నాలుగేళ్ల బిడ్డ తెలుగింటికి వచ్చి మూగదానిలా కూర్చుంటే మొండితనమనుకుంటారు. తీసుకొచ్చే ముందే బిడ్డను అప్పటిదాకా పెంచిన శిశుగృహలో ఆయాను అడిగి ఆకలి, నీళ్లు, నొప్పి, భయం, బాత్రూం, నిద్ర అన్న మాటలు బిడ్డ ఎలా అంటుందో రాసుకోండి. తమిళ బిడ్డయితే "పసిక్కుదు", "తణ్ణి", "వలిక్కుదు" మీకు రావాలి. పాత మాటను తిట్టి మాన్పించకండి, దాని పక్కనే తెలుగు మాట పలకండి. తిండీ అంతే. సంగటికి అలవాటైన బిడ్డకు మొదటి రోజే ఇడ్లీ, పూరీ పెడితే తినకపోవడం వింత కాదు.

తాత్కాలికంగా పెంచే ఫోస్టర్ కేర్‌లో భాష ఇంకా ముఖ్యం. అక్కడ కన్నవాళ్లు వచ్చి చూసి వెళ్లే వీలుంది, బిడ్డ తిరిగి వాళ్ల దగ్గరికే పోవచ్చు. ఏడాది తర్వాత బిడ్డకు నానమ్మ మాట అర్థం కాకపోతే తప్పు పెంచినవాళ్లదే.

ఇంట్లో వాడే మాటలూ చూసుకోండి. "పెంపుడు బిడ్డ" అనొద్దు. "సొంత తల్లి" అని ఇంకొకరిని అంటే మీరేమయ్యారు? కన్నతల్లి అంటే చాలు. రెండో ఏటి నుంచే ఈ సంగతి కథలా వినిపించాలి. పదో ఏట ఏ పెళ్లిలోనో ఎవరో నోరు జారాక చెబితే అది కథగా ఉండదు.

పద్దెనిమిది నిండాక బిడ్డ తన మూలాలు వెతుక్కోవాలని దరఖాస్తు పెట్టుకోవచ్చు, అంతకు ముందైతే మీతో కలిసి. అప్పగించిన తల్లి పేరు బయటపెట్టొద్దని అడిగి ఉంటే ఆమె ఒప్పుకోవాలి. దొరికిన బిడ్డయితే ఎక్కడ, ఏ పరిస్థితిలో దొరికిందన్నది చెప్పొచ్చు. బిడ్డను మీకు అప్పగించేటప్పుడు దత్తత ఏజెన్సీ వైద్య చరిత్రతోపాటు ఫొటోలు, బిడ్డ ఇష్టాయిష్టాలు ఉన్న జ్ఞాపకాల ఆల్బం ఇవ్వాలి. హడావుడిలో చాలామంది అడగడం మరిచిపోతారు. సంతకం పెట్టేముందే అడిగి తీసుకోండి.