ఎండ పడని కారు

రోహిణి కార్తె. పొద్దున తొమ్మిదికే ఆటోనగర్‌లో మా గ్యారేజీ రేకుల షెడ్డు కింద నిలబడలేకపోయాం. నేను షట్టరు ఎత్తేసరికే మాస్టారు కారుతో వచ్చి ఉన్నారు. కంకిపాడు నుంచి. రిటైరైన లెక్కల మాస్టారు. పదేళ్లు దాటిన పెట్రోల్ కారు, డోర్ల అంచుల్లో కూడా దుమ్ము లేదు.

"అబ్బాయ్, దీనికి ఎండ పడట్లేదు" అన్నారు.

పొద్దున గుడికి వెళ్లొస్తే ఏమీ ఉండదట. మధ్యాహ్నం బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే మాత్రం చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది, ఎంత తొక్కినా బండి నత్తలా పాకుతుంది. తాళం ఆపి, కాసేపాగి స్టార్ట్ చేస్తే మళ్లీ మామూలే. వేరే గ్యారేజీలో చూపిస్తే వేడికి థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలి వదిలే రెక్క ఉండే భాగం) పోయిందని మార్చారు. 18,000 రూపాయలు. నాలుగు రోజులకి మళ్లీ అదే కథ.

స్కానర్ పెట్టాను. నాలుగు కోడ్లు: పీ0122, పీ0222, పీ0107, పీ0532. మొదటి రెండూ థ్రాటిల్ లోపలి జంట సెన్సర్లవి. మూడోది ఇంజిన్ పీల్చే గాలి ప్రెషర్ చూసే మ్యాప్ సెన్సర్‌ది, నాలుగోది ఏసీ గ్యాస్ ప్రెషర్ సెన్సర్‌ది. అన్నిటి ఫిర్యాదూ ఒకటే, వోల్టేజీ తక్కువ అని. ఆ గ్యారేజీ వాళ్లు మొదటి కోడు చదివి అక్కడే ఆగిపోయినట్టున్నారు. ఇంట్లో లైట్లన్నీ ఒకేసారి ఆరిపోతే ఎవరైనా బల్బులు కొనడానికి వెళ్తారా?

ఈ సెన్సర్లకి బ్యాటరీ 12 వోల్టులు పోవు. ఈసీఎం, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, దాని లోపల 5 వోల్టులు తయారవుతాయి. ఈ కారులో అవి ఒకే లైను మీద మూడు చోట్లకీ పంపకం. ఆ లైను ఎక్కడ బాడీకి తగిలినా అందరూ కలిసి పడుకుంటారు. థ్రాటిల్ ఎంత తెరుచుకుందో తెలియకపోతే ఈసీఎం దాని మోటారుకి కరెంటు ఆపేస్తుంది, స్ప్రింగు రెక్కని కొంచెం తెరిచి ఉంచుతుంది. నత్త నడక అందుకే.

మ్యాప్ సెన్సర్ కప్లర్ (వైర్లు తగిలించే ప్లగ్గు) వెనక సన్నటి సూది దూర్చి మీటరు తగిలించాను. మా కుర్రాడు ఉత్సాహంగా టెస్ట్ ల్యాంపు పట్టుకొచ్చాడు. "అది బ్యాటరీ వైర్లకిరా, ఈసీఎం లైను మీద పెట్టకు" అని ఆపాను. మీటర్లో 4.98. ఎర్తు కూడా బాగానే ఉంది. ఇంజిన్ స్టార్ట్ చేసి రెండు నిమిషాలు రైజ్ చేయించినా 4.98 కదలలేదు. మాస్టారు స్టూలు మీద కూర్చుని మీటరుకి కాపలా కాస్తున్నారు, పరీక్ష హాల్లో లాగే.

ఎండ ముదిరేదాకా ఆగుదామా అనిపించింది. ఈలోపు మాటల్లో మాస్టారు, మొన్న మిట్టమధ్యాహ్నం గన్నవరం దాకా వెళ్లొచ్చానని, అప్పుడేమీ కాలేదని అన్నారు. ఏసీ వేశారా అని అడిగాను. "అద్దాలు దించుకుంటే గాలి రాదా?" అన్నారు. అక్కడ వెలిగింది నాకు. ఎండ ఉన్నా రాలేదు, నిలబడితేనే వస్తోంది. నిలబడిన బండిలో తిరిగేది రేడియేటర్ ఫ్యాను.

ఏసీ వేయించాను. ఫ్యాను అందుకోగానే 4.98 కాస్తా 3కి జారింది, 0.4కి పడింది, మళ్లీ లేచింది. లైటు వెలిగింది. మాస్టారు స్టూలు మీంచి లేచారు.

ఇంజిన్ ఆపి తాళం ఆన్‌లో ఉంచి, ఫ్యాను కప్లర్ ఊడదీసి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటిచ్చి తిప్పాను. అంకె ఊగుతూనే ఉంది, అంటే గొడవ ఫ్యాను కరెంటుది కాదు, అదురుది. థ్రాటిల్, మ్యాప్, ఏసీ, మూడు సెన్సర్ల కప్లర్లూ ఒక్కొక్కటే పీకాను. సెన్సర్లన్నీ ఊడిపోయాక కూడా ఊగుతోందంటే ఇక వైరింగే.

ఏసీ సెన్సర్‌కి వెళ్లే వైర్ల కట్ట ఫ్యాను పక్కనుంచి పోతుంది. ఎప్పుడో రేడియేటర్ విప్పినవాళ్లు అక్కడి క్లిప్పు విరగ్గొట్టి ప్లాస్టిక్ ట్యాగుతో సరిపెట్టారు. ఆ ట్యాగు ఎండకి పెళుసెక్కి తెగింది. (ఆ లెక్కన మాస్టారి మాట పూర్తిగా తప్పేం కాదు.) ఫ్యాను అదురుకి కట్ట ఇనప బ్రాకెట్ మీద రుద్దుకుని రుద్దుకుని, మూడు వైర్లలో ఒక్కదానికే తొక్క లేచిపోయింది. గోరంత రాగి, తళతళలాడుతూ.

దాన్ని కోసి, కొత్త ముక్క సోల్డర్ చేసి, స్లీవు వేడి చేసి బిగించి, గొట్టం తొడిగి, క్లిప్పు వేసేసరికి అరగంట. ఒంటి గంటకి ఏసీ వేసుకుని బెంజి సర్కిల్ దాకా వెళ్లాం. రెడ్ పడాలని కోరుకుంటూ బండి నడిపింది ఇదే మొదటిసారి. పడింది. ఫ్యాను తిరిగింది. లైటు వెలగలేదు. మాస్టారు సిగ్నల్ దగ్గర అంకెలు వెనక్కి లెక్కపెట్టారు, పైకే.

1,200 తీసుకున్నాను. వైరు ముక్కకి ఇంతా అని కుర్రాడే అన్నాడు నాతో, ఆయన అనలేదు. డిక్కీలోంచి న్యూస్‌పేపర్లో చుట్టిన పాత థ్రాటిల్ బాడీ తీసి బల్ల మీద పెట్టారు. "ఇది బతికే ఉందా అబ్బాయ్?"

రేపు చూసి చెప్తానన్నాను. బతికే ఉంటుందని తెలుసు. ఆయన ముఖం మీద చెప్పడానికి నోరు రాలేదు.