గాజుల మీద గీతలు, నా చేతిలో టూత్‌పేస్ట్

మా అత్తయ్య పెట్టిన నాలుగు బంగారు గాజులు. తొడిగాక తీసిందే లేదు. గిన్నెలు తోమినా, పిండి కలిపినా అవే చేతికి. పన్నెండేళ్లయ్యేసరికి వాటి ఒళ్లంతా గీతలు. మేనకోడలి పెళ్లి పది రోజులుందనగా ఎండలో పట్టి చూసుకుంటే నాకే చిన్నతనమనిపించింది.

గుంటూరులో మేముండే బ్రాడీపేట నుంచి బంగారం కొట్లుండే లాలాపేట ఎంత దూరమని? అయినా కొట్టుకిస్తే బంగారం తరిగిపోతుందని నా భయం. ఇంట్లోనే మెరుగు పెట్టేద్దామనుకున్నా. "టూత్‌పేస్ట్ రాసి పాత బ్రష్‌తో రుద్దక్కా, తళతళలాడతాయి" అంది ఫోన్లో మా తోటికోడలు. రుద్దాను. ఒక్క గాజే, అదే అదృష్టం. కడిగి చూస్తే పాత గీతలు ఎక్కడివక్కడే ఉన్నాయి. మధ్యలో మిగిలిన కాస్త నునుపూ పోయి, ఊపిరి తగిలిన అద్దంలా మసకబారింది. పళ్ల గార వదలడానికి పేస్టులో సుద్ద, సిలికా లాంటి పొడులు కలుపుతారు. 22 క్యారెట్ల బంగారమేమో నూటికి 91.6 పాళ్లు బంగారమే, మెత్తన. ఆ మసకంతా విడివిడిగా కంటికి ఆనని సన్నగీతలన్నమాట.

మిగతా మూడింటికీ అమ్మ పద్ధతే. గుప్పెడు కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసేసి, గోరువెచ్చటి నీళ్లలో నానేసి పిసికి రసం తీశా. గాజులు అరగంట అందులో ఉంచి, పిల్లల మెత్తటి బ్రష్‌తో అంచు చెక్కుడులో నెమ్మదిగా తోమితే నురగ బూడిద రంగుకి తిరిగింది. పన్నెండేళ్ల సబ్బూ, పిండీ, పసుపూ అంతా అక్కడే ఉంది. పాత పంచె ముక్కతో తుడిచాక చూస్తే, నేను గీతలనుకున్నవాటిలో సగం మురికి చారలే! గోరుతో గీస్తే తగిలేవి మాత్రం కదల్లేదు.

రాళ్ల నెక్లెసు, ముత్యాలు, లక్క నింపిన గుండ్లు ఆ గిన్నెలో వేయలేదు. వేడి తగిలి లక్క మెత్తబడితే పొదిగిన రాయి ఊడి చేతికొస్తుంది. వన్‌గ్రామ్ గోల్డ్ అయితే రుద్దనే కూడదు, పైపూత పోయి లోపలి ఇత్తడి పలకరిస్తుంది. ఇక మెరుగు పెడతామని వీధుల్లో తిరిగేవాళ్లకి నేను చచ్చినా ఇవ్వను. వాళ్లు ముంచే గిన్నెలో నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాలు కలిపితే బంగారమే కరుగుతుంది. వస్తువు మెరుస్తూనే తిరిగొస్తుంది, తూకమే రాదు.

చివరికి లాలాపేట వెళ్లక తప్పలేదు. ఆచారిగారు ముందు నాలుగూ కాటా మీద పెట్టారు. 31.840 గ్రాములు. అత్తయ్య దాచిన చీటీలో నాలుగు కాసులని, అంటే 32 గ్రాములని ఉంది. తక్కువైన 160 మిల్లీగ్రాములూ పన్నెండేళ్ల అంట్లకీ, ఒక్కరోజు టూత్‌పేస్ట్‌కీ పోయినట్టే.

"గీత పోవాలంటే గుంట పూడ్చడం కాదమ్మా, గట్టు దించాలి. చుట్టూ ఉన్న బంగారం గీత అడుగుదాకా తగ్గాలి" అన్నారు. అని, వెంటనే మెరుగుపెట్టే చక్రం జోలికి పోలేదు. అద్దంలా నున్నగా ఉన్న ఉక్కుపుల్లని చిన్న గిన్నెలో దేంట్లోనో ముంచి, దాంతో గీత మీద అదిమి అదిమి రుద్దారు. ఆ గిన్నెలో ఏముందని అడిగితే, కుంకుడు రసం! నాకు నవ్వాగలేదు. పుల్ల జారుతూ పోవాలట. పొడి రాలలేదు. గీత ఒడ్డున లేచిన బంగారం పడుకుని, గోరుకి తగలడం మానేసింది. మూడు గాజులు అలాగే అయ్యాయి.

నేను చెడగొట్టిన దాన్ని మాత్రం ఎర్రటి మెరుగుమందు పూసిన బఫ్ చక్రానికి, అంటే గుడ్డ చక్రానికి, పట్టారు. లోపలి 916 ముద్ర వైపు పోనివ్వలేదు. చక్రం కింద పళ్లెంలో పరిచిన కాగితం కూడా జాగ్రత్తగా మడిచి పెట్టుకున్నారు. కొట్టు చిమ్మిన దుమ్ముకీ కొనేవాళ్లున్నారుగా! మళ్లీ కాటా పెడితే 31.800. చక్రానికి పోయింది 40 మిల్లీగ్రాములు. ఎదురుగానే తూచి, ఎదురుగానే చెప్పారు. నేను ఇంట్లో రుద్దింది ఏ కాగితంలోనూ లేదు, సింకు గొట్టంలో ఉంది.

ఒక గాజు మీద లోతైన గాటు మిగిలింది. "దీన్ని తీస్తే గాజు పల్చబడుతుంది, ఉండనీయండమ్మా" అన్నారు. పెళ్లిలో ఆ గాజుని మట్టిగాజుల మధ్య ఇరికించి వేసుకున్నా. తోటికోడలు చెయ్యి పట్టుకుని తిప్పి చూసి, "చెప్పానా, టూత్‌పేస్ట్ మహిమ!" అంది.