189 ఫైలు వేశాక

ఆస్ట్రేలియా 189 వీసాకి (స్పాన్సర్ అక్కర్లేకుండా నైపుణ్యం మీద ఇచ్చే శాశ్వత నివాస వీసా) ఫైలు వేశాక రోజుకు పదిసార్లు ఇమ్మిఅకౌంట్ (దరఖాస్తు ఎక్కడుందో చూపే ఆన్‌లైన్ ఖాతా) తెరిచినా కనిపించేది 'రిసీవ్డ్' అనే. కంగారొద్దు, కొందరికి అక్కణ్ణుంచి నేరుగా గ్రాంటే (వీసా మంజూరు) వస్తుంది. కన్నేసి ఉంచాల్సింది తేదీల మీద. పీసీసీ (పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్), మెడికల్స్ (వైద్య పరీక్షలు) రెండిటికీ మామూలుగా 12 నెలలే గడువు. అదనపు పత్రాలు అడిగితే సాధారణంగా 28 రోజులిస్తారు. పీసీసీకి మళ్లీ పోలీస్ వెరిఫికేషన్ పడితే ఆ 28 రోజులూ ఇట్టే కరిగిపోతాయి. అప్పుడు అప్లై చేసిన రసీదైనా అప్‌లోడ్ చేసి గడువు అడగాలి, ఊరుకోకూడదు.

మనవాళ్లకు అసలు తంటా పేర్లతోనే. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా. ఫారం 80లో (వ్యక్తిగత వివరాల ఫారం) ఇతర పేర్లు అడిగినచోట రెండు రూపాలూ రాసేయండి. ఈలోగా పాస్‌పోర్టు మారినా, బిడ్డ పుట్టినా గ్రాంటు రాకముందే తెలియజేయాలి.