డీఆర్‌ఎన్‌బీ వాస్కులర్ పాసయ్యాను: ట్రిపుల్ ఏ గైడ్‌లైన్స్ నాకు ఎలా పట్టుబడ్డాయంటే

రక్తనాళాల సర్జరీలో సూపర్ స్పెషాలిటీ పరీక్ష అయిన డీఆర్‌ఎన్‌బీ వాస్కులర్ రిజల్ట్ వచ్చింది ఫ్రెండ్స్, పాసయ్యాను! మూడేళ్ల బరువు దిగినట్టుంది. ఇంట్లో అందరితో మాట్లాడగానే ఇది రాయడానికి కూర్చున్నాను. సిలబస్, పేపర్ల తీరు మీకు చెప్పక్కర్లేదు. అందరూ తడబడే ట్రిపుల్ ఏ, అంటే అబ్డామినల్ అయోర్టిక్ అన్యూరిజం (పొట్టలోని పెద్ద ధమని అయోర్టా ఉబ్బడం) గైడ్‌లైన్స్ గురించే చెప్తాను.

మనందరి నోట్సులో అన్యూరిజం ఎన్ని సెంటీమీటర్లుంటే ఏం చేయాలో చెప్పే ఒక టేబుల్ ఉంటుంది. ఎస్‌వీఎస్ 2018, ఈఎస్‌వీఎస్ 2024, నైస్ 2020 పక్కపక్కన (మొదటి రెండూ అమెరికా, యూరప్ వాస్కులర్ సర్జన్ల సంఘాలవి, మూడోది బ్రిటన్ ఆరోగ్య సంస్థది). పొద్దున బట్టీపడితే సాయంత్రానికి 4.4 ఎవరిదో 4.9 ఎవరిదో కలగాపులగం అయిపోతుంది. నాకు దారి దొరికింది పుస్తకంలో కాదు, ఒక పేషెంట్ రిపోర్ట్‌లో. పెద్దాయనకి అల్ట్రాసౌండ్‌లో 5.2 సెంటీమీటర్లు, సీటీలో 5.6. రౌండ్స్‌లో మా సార్ ఒక్కటే అడిగారు: "క్యాలిపర్ ఎక్కడ పెట్టారో చూశావా అమ్మా?" ఫిల్మ్ తీసి చూస్తే క్యాలిపర్, అంటే కొలత తీసిన రెండు ప్లస్ గుర్తులూ అయోర్టా గోడ లోపలి అంచు మీదే ఉన్నాయి. సీటీలో బయటి అంచు నుంచి బయటి అంచుకి కొలిచారు. ఉన్నది ఒకే అన్యూరిజం. ఆపరేషన్‌కి గీత 5.5 కాబట్టి ఒక కొలత ఆగమంటోంది, ఇంకొకటి ఆపరేషన్ అంటోంది.

ఆ రాత్రే నైస్ మళ్లీ తెరిచాను. 5.5 అన్నచోటే అల్ట్రాసౌండ్‌లో ఇన్నర్ టు ఇన్నర్ అని రాసి ఉంది. ఎస్‌వీఎస్ సీటీలో ఔటర్ టు ఔటర్ కొలవమంటుంది, అదీ అయోర్టా సాగే దిశకి లంబంగా. అంటే అక్కడి 5.5, ఇక్కడి 5.5 ఒకటి కాదు. ఇక అప్పటినుంచి ప్రతి అంకెనీ "నువ్వెక్కడినుంచి వచ్చావు?" అని నిలదీయడం మొదలుపెట్టాను.

ఆ 5.5కి మూలం యూకే స్మాల్ అన్యూరిజం ట్రయల్, అమెరికాలో ఆడమ్ ట్రయల్. 4.0 నుంచి 5.5 లోపు ఉన్నవాళ్లకి ముందే ఆపరేషన్ చేసినా, ఆగి చూసినా బతికినవాళ్ల లెక్కలో తేడా రాలేదు. కానీ ఆడమ్‌లో దాదాపు అందరూ మగవాళ్లే. యూకే ట్రయల్‌లో ఆడవాళ్లు తక్కువమందే, వాళ్లలోనేమో పగిలే ముప్పు ఎక్కువ కనిపించింది. అందుకే ఆడవాళ్లకి ఎస్‌వీఎస్ 5.0 నుంచే రిపేర్ సూచిస్తుంది, ఈఎస్‌వీఎస్ 5.0 దగ్గర పరిశీలించవచ్చంటుంది. నైస్ విడిగా అంకె ఇవ్వలేదు. కారణం తెలిశాక ఈ తేడా మరిచిపోదామన్నా మరిచిపోలేం.

ఈవార్ (రక్తనాళం గుండా లోపలికి గ్రాఫ్ట్ గొట్టం పంపడం), ఓపెన్ (పొట్ట కోసి చేసే ఆపరేషన్) గొడవ కూడా అంతే. ఈవార్-1 ట్రయల్ 15 ఏళ్ల ఫలితాలు 2016లో వచ్చాయి. మొదట్లో ఈవార్‌కి ఉన్న లాభం తర్వాత కరిగిపోయింది. ఎనిమిదేళ్లు దాటాక ఓపెన్ చేయించుకున్నవాళ్లే మెరుగు, ఎందుకంటే గ్రాఫ్ట్ వేశాక కూడా శాక్ (ఉబ్బిన సంచి) పగిలిన కేసులున్నాయి. నైస్ ఖర్చు కూడా లెక్కేస్తుంది కాబట్టి పగలని అన్యూరిజానికి ఓపెన్‌కే మొగ్గింది. ఈఎస్‌వీఎస్ అనాటమీ అనుకూలిస్తే ఈవార్, ఎక్కువకాలం బతికే అవకాశం ఉన్నవాళ్లకి ఓపెన్ అంటుంది. పగిలిన కేసుల్లో మాత్రం నైస్ కూడా ఆడవాళ్లకి, 70 దాటిన మగవాళ్లకి ఈవార్ వైపే. ఈ ఒక్క పాయింట్ రాస్తే చాలు, మీరు అసలు డాక్యుమెంట్ చదివారని దిద్దేవాళ్లకి తెలిసిపోతుంది.

ఫాలోఅప్ గడువులు, అంటే మళ్లీ ఎన్నాళ్లకి స్కాన్ చేయాలో, మాత్రం బట్టీయే, తప్పదు. ఎస్‌వీఎస్: 3.0–3.9కి మూడేళ్లు, 4.0–4.9కి ఏడాది, 5.0–5.4కి ఆరు నెలలు. నైస్: 4.4 వరకు రెండేళ్లు, 4.5 నుంచి మూడు నెలలు.

కెరోటిడ్ (మెడ ధమని), డీవీటీ (లోపలి సిరల్లో రక్తం గడ్డకట్టడం), డయాలసిస్ యాక్సెస్ అన్నీ ఇదే పద్ధతిలో చదివాను.

టెస్ట్ సిరీస్ కట్టకుండా గైడ్‌లైన్స్ పట్టుకుని కూర్చుంటే గట్టెక్కవని చాలామంది అన్నారు. నేను ఒప్పుకోను. నైట్ డ్యూటీ చేసొచ్చిన రోజు కూడా ఒక రికమెండేషన్, దాని వెనకున్న ట్రయల్ చదవకుండా పడుకోలేదు. టైం లేదనే మాట దయచేసి అనకండి. ఫోన్‌కి దొరుకుతున్న టైం పుస్తకానికి ఎందుకు దొరకదు? రేపు మీ ముందు టేబుల్ మీద పడుకునే మనిషికి మీ ర్యాంక్‌తో పనిలేదు, ఆ కొలత ఎలా తీశారో మీకు తెలియాలి.

మొదలుపెట్టేవాళ్లు ముందు నైస్ చదవండి, చిన్నది, సూటిగా ఉంటుంది. తర్వాత ఎస్‌వీఎస్. ఈఎస్‌వీఎస్ 2024 పెద్దది కాబట్టి సెలవు రోజులకి ఉంచుకోండి. పక్కన తెల్లకాగితం పెట్టుకుని, ఒక్కో అంకె ఎదురుగా దాని ట్రయల్ పేరు, ఎలా కొలిచారో మీ చేత్తోనే రాసుకోండి.