ట్రైలర్ లాగే డీజిల్ పికప్‌లో గేర్ల మధ్య దూరం

అమెరికాలో డీజిల్ పికప్ కొనదలచినవారు ఇంజిన్ గురించి ఎంతసేపైనా చర్చించుకుంటారు. జనరల్ మోటార్స్ వారి డ్యూరామాక్సా, రామ్ బండ్లలోని కమ్మిన్సా, ఫోర్డ్ వారి పవర్ స్ట్రోకా అన్న వాదన ఒక పట్టాన తెగదు. బరువైన ట్రైలర్ తగిలించుకొని కొండదారి ఎక్కవలసినవారికి మాత్రం నేను ఇంజిన్ కంటే ముందు ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ను పరిశీలించమని చెబుతాను. ఈనాటి మూడు ఇంజిన్లలోనూ శక్తికి కొదవ లేదు. ఆ శక్తి చక్రాలకు ఎలా చేరుతుంది, దారిలో ఎంత వేడిగా మారి వృథా అవుతుంది, దిగుడులో బండి వేగాన్ని ఏది పట్టి ఉంచుతుంది అన్నవి గేర్‌బాక్స్ తేల్చే విషయాలు.

నేను మొదట చూసేది గేర్ల సంఖ్యను కాదు, ఒక గేరుకూ మరో గేరుకూ మధ్య ఉన్న దూరాన్ని. డీజిల్ ఇంజిన్ సుఖంగా పనిచేసే పరిధి ఇరుకైనది. ఈనాటి ఇంజిన్లలో గరిష్ఠ టార్క్ (తిప్పే బలం) సుమారు 1,600 నుంచి 1,800 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర, గరిష్ఠ హార్స్‌పవర్ సుమారు 2,600 నుంచి 2,800 దగ్గర లభిస్తుంది. పాత డాడ్జ్ రామ్‌లో 2003 నుంచి 2007 దాకా కమ్మిన్స్ ఇంజిన్‌కు జతగా వచ్చిన 48ఆర్‌ఈ గేర్‌బాక్స్‌కు ఉన్నవి నాలుగే గేర్లు, వాటి నిష్పత్తులు (గేర్‌బాక్స్ బయటి షాఫ్ట్ ఒక చుట్టు తిరగడానికి ఇంజిన్ తిరిగే చుట్లు) 2.45, 1.45, 1.00, 0.69. ఎక్కుడులో నాలుగో గేరులో 1,800 దగ్గర తిరుగుతున్న ఇంజిన్ బరువుకు తాళలేక మూడో గేరుకు దిగిందంటే, బండి వేగం మారకుండానే అది ఒక్కసారిగా 2,600 దాటుతుంది. మధ్యలో నిలబడే చోటే లేదు కాబట్టి ఇంజిన్ అయితే మూలుగుతూ లాగాలి, లేదా గోల పెడుతూ తిరగాలి.

2001లో జనరల్ మోటార్స్ 6.6 లీటర్ల డ్యూరామాక్స్‌తో పాటు తెచ్చిన అల్లిసన్ 1000 గేర్‌బాక్స్‌కు వచ్చిన పేరు సార్థకమైనదే. లోపలి భాగాలు గట్టివి. పైగా ఆయిల్ పాన్ విప్పకుండానే బయటి నుంచి మార్చుకోగల స్పిన్-ఆన్ ఫిల్టర్ ఉండటం సొంతంగా పని చేసుకునేవారికి పెద్ద ఉపకారం. మొదట ఐదు గేర్లతో వచ్చిన దీనికి 2006లో 0.61 నిష్పత్తితో ఆరో గేరు చేరింది. అయితే నాలుగో గేరు 1.00, ఐదో గేరు 0.71 కాబట్టి, సరిగ్గా కొండ ఎక్కేటప్పుడు ఎక్కువగా వాడే ఆ రెండింటి మధ్య అంతరం దాదాపు పాత 48ఆర్‌ఈలో ఉన్నంత పెద్దదే. ఐదులో 1,800 దగ్గర ఉన్న ఇంజిన్ నాలుగుకు దిగితే 2,535కు చేరుతుంది. అభిమానులకు ఈ మాట నచ్చకపోవచ్చు కానీ లెక్క అదే చెబుతుంది.

విచిత్రమేమిటంటే, తరచూ విమర్శలకు గురయ్యే రామ్ 68ఆర్‌ఎఫ్‌ఈ గేర్‌బాక్స్ ఈ ఒక్క విషయంలో మెరుగైనది. దాని నాలుగో గేరు 1.00, ఐదో గేరు 0.82 కాబట్టి, అదే పరిస్థితిలో ఇంజిన్ 2,195 దగ్గర ఆగుతుంది. దాని బలహీనత మోయగల టార్క్‌లో ఉంది. 2019లో రామ్ 1,000 పౌండ్-ఫీట్ల కమ్మిన్స్‌ను ప్రవేశపెట్టినప్పుడు దాన్ని ఐసిన్ కంపెనీ గేర్‌బాక్స్ అయిన ఏఎస్69ఆర్‌సీకి మాత్రమే జతచేసి, 68ఆర్‌ఎఫ్‌ఈ వెనక ఉన్న ఇంజిన్‌ను 850 పౌండ్-ఫీట్లకే పరిమితం చేసింది. తయారీదారు స్వయంగా గీసిన ఈ గీత కంటే స్పష్టమైన సాక్ష్యం కొనుగోలుదారుకు అక్కరలేదు. ఐసిన్‌లో మొదటి గేరు 3.75, రెండోది 2.00 కావడంతో ఆ మార్పిడి కొంత మొరటుగా అనిపిస్తుంది. అయినా ఫిఫ్త్ వీల్ ట్రైలర్ (పికప్ వెనక తొట్టిలోనే తగిలించే బరువైన ట్రైలర్) లాగేవారు రామ్ కొనదలిస్తే దాన్నే ఎంచుకోవాలని నా అభిప్రాయం. 2025 మోడల్ నుంచి రామ్ ఈ రెంటినీ పక్కనపెట్టి, జర్మన్ కంపెనీ జెడ్‌ఎఫ్ రూపకల్పన ఆధారంగా ఎనిమిది గేర్ల పెట్టెను తీసుకుంది.

ఫోర్డ్ 2011లో 6.7 లీటర్ల పవర్ స్ట్రోక్‌తో తెచ్చిన ఆరు గేర్ల 6ఆర్140 నిబ్బరమైనది. 2020లో దాని స్థానంలో 10ఆర్140 వచ్చింది, అదే ఏడాది జనరల్ మోటార్స్ 10ఎల్1000ను తెచ్చింది. ఈ రెండోది అల్లిసన్ పేరు ధరించినా దాన్ని తయారుచేసేది జనరల్ మోటార్సే. పది గేర్లంటే ప్రచారానికే అనుకునేవారు ఒకసారి నిష్పత్తులు చూడాలి. ఫోర్డ్‌లో ఎనిమిదో గేరు 0.85, ఏడోది 1.00, ఆరోది 1.28, ఐదోది 1.52. ఎనిమిదిలో 1,800 దగ్గర ఉన్న ఇంజిన్ ఏడుకు దిగితే సుమారు 2,115 దగ్గర, ఇంకా చాలకపోతే ఆరులో సుమారు 2,700 దగ్గర నిలుస్తుంది. కొండకు ఎంత కావాలో అంతే దిగే వీలు కలిగింది. మొదటి గేరు లాభం కూడా తక్కువది కాదు. పాత అల్లిసన్ 3.10 గేరుకు 3.73 యాక్సిల్ (చక్రాల ఇరుసు దగ్గరి చివరి గేరు నిష్పత్తి) కలిస్తే మొత్తం గుణకారం 11.6, కొత్త 10ఎల్1000లో 4.54కు 3.42 యాక్సిల్ కలిస్తే 15.5. పడవను నీటి ఒడ్డు నుంచి పైకి లాగేవారికి ఈ తేడా వెంటనే తెలుస్తుంది.

గేర్‌బాక్స్ ఆయుష్షును హరించేది వేడి, ఆ వేడికి మూలం చాలావరకు టార్క్ కన్వర్టర్, అంటే ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం. కన్వర్టర్‌ను ఇంజిన్‌తో నేరుగా బిగించే లాకప్ క్లచ్ పట్టుకోనంతసేపూ ఇంజిన్ శక్తిలో కొంత భాగం ఆయిల్‌ను చిలకడానికే ఖర్చవుతుంది. అందుకే కింది గేర్లలోనే లాక్ అయ్యే పెట్టెలు బరువు లాగడానికి మేలు. ట్రైలర్ లాగేటప్పుడు వాడే టో/హాల్ మీట నొక్కడం వల్ల పై గేర్లకు మారడం ఆలస్యమై, గేర్ల మధ్య ఊగిసలాట తగ్గి, ఆయిల్ చల్లగా ఉంటుంది. ట్రైలర్ ఉన్నంతసేపూ ఆ మీటను ఆన్‌లో ఉంచడం తప్పనిసరి అని నేను గట్టిగా నమ్ముతాను.

ఎక్కడం కంటే దిగడమే గేర్‌బాక్స్‌కు అసలు పరీక్ష. కొలరాడోలో ఐ-70 రహదారిపై డిల్లన్ నుంచి 11,000 అడుగులకు పైన ఉన్న ఐజెన్‌హోవర్ సొరంగం దాకా సుమారు 8 మైళ్ల ఎక్కుడు ఉంది, వాలు కొన్నిచోట్ల 7 శాతానికి చేరుతుంది. పత్రికలవారు కొందరు పికప్‌లను ఈ దారిలో పరీక్షిస్తుంటారు. దిగేటప్పుడు ఎగ్జాస్ట్ బ్రేక్ టర్బోలోని రెక్కలను మూసి ఇంజిన్‌ను బిగబట్టిస్తుంది. కమ్మిన్స్‌కు ఇది 6.7 లీటర్ల ఇంజిన్‌తోనూ, డ్యూరామాక్స్‌కు 2011 నుంచీ కంపెనీ నుంచే వస్తోంది. అయితే కన్వర్టర్ లాక్ అయి ఉంటేనే ఆ నిరోధం పూర్తిగా చక్రాలకు చేరుతుంది. గేర్ల మధ్య దూరం ఇక్కడ మళ్లీ అక్కరకొస్తుంది. దగ్గర దగ్గర గేర్లున్న పెట్టె ఇంజిన్‌ను హద్దు దాటనివ్వకుండానే బిగువుగా పట్టి ఉంచగలదు, దూరం ఎక్కువైతే చక్రాల బ్రేకులపై భారం పడుతుంది.

కొత్తది కొనగలిగితే పది గేర్ల పెట్టెలకే నా ఓటు. పాత బండి వెతికేవారికి 2006 తర్వాతి ఆరు గేర్ల అల్లిసన్‌ను సూచిస్తాను. కొనేముందు వీలైతే ట్రైలర్ తగిలించే నడిపి చూడండి. సమతలమైన రోడ్డుపై స్థిరమైన వేగంతో పోతూ, యాక్సిలరేటర్ మీది కాలు కదలనీయకుండా, మరో కాలితో బ్రేకును తేలికగా తాకండి. లాకప్ విడిపోయి ఆర్‌పీఎం ముల్లు కొద్దిగా పైకి లేవాలి, బ్రేకు వదిలిన కాసేపటికి మళ్లీ కిందికి రావాలి. ముల్లు అసలు కదలకపోతే లాకప్ అంతకుముందు పట్టుకోనేలేదని అనుమానించి, కన్వర్టర్‌ను మెకానిక్‌కు చూపించాకే బేరం మాట్లాడండి.