నోటీసుకు జవాబు రాయని పంచాయతీ

మా చిన్నాన్న వంటగదిలో నేల నుంచి మోకాలెత్తు దాకా గోడ మీద ఒక తేమ మరక ఉంది. సున్నం కొడితే నెల రోజులు కనబడదు, నాలుగు వానలు పడగానే మళ్ళీ తేలుతుంది. వీధిలో సిమెంటు రోడ్డు వేసినప్పుడు దాన్ని ఇళ్ళ గడపలకంటే ఎత్తు చేశారు, పక్కన కాలువ తవ్వలేదు, వీధి నీళ్ళన్నీ ఆయన వంటింట్లోకి. ఊరి పేరు రాయను. వంశధార పక్కన, ఒడిశా వైపు, ఇంట్లో తెలుగూ ఆఫీసులో ఒడియా మాట్లాడుకునే ఊళ్ళలో ఒకటనుకోండి.

వార్డు మెంబరుకి చెప్పాడు, సర్పంచికి చెప్పాడు, రెండు వానాకాలాలు గడిచాక ప్లీడరు దగ్గరికి వెళ్ళాడు. ప్లీడరు గారు ముందు దావా వెయ్యలేదు, రిజిస్టర్ పోస్టులో పంచాయతీకి నోటీసు పంపించారు. ఏం జరిగింది, ఏం కావాలి, రెండు నెలల్లో చెయ్యకపోతే కోర్టుకి వెళ్తాం, ఇంతే అందులో ఉన్నది. ఒడియాలో ఉందని నేనే చదివి చిన్నాన్నకి తెలుగులో చెప్పాను. తిరిగొచ్చిన ఎక్‌నాలెడ్జ్‌మెంట్ కార్డుని, దాని మీద గుండ్రటి ముద్రతో సహా, రేషన్ కార్డు ఉన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచుకున్నాడు.

జవాబు రాలేదు. కేసు మొదలయ్యాక తెలిసింది, అక్కడ కవరు చింపారు, ఇన్‌వర్డ్ నంబరు వేశారు, ఫైల్లో పెట్టారు, ఫైలు బీరువాలోకి వెళ్ళిపోయింది.

ప్రభుత్వం మీద దావా వెయ్యాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ (సివిల్ కేసులు ఎలా నడవాలో చెప్పే చట్టం) సెక్షన్ 80 ప్రకారం రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. పంచాయతీల, మునిసిపాలిటీల చట్టాల్లో కూడా ఇలాంటి ముందస్తు నోటీసు షరతులు కనిపిస్తాయి. కోర్టు దాకా రాకుండా ఆఫీసులోనే తప్పు దిద్దుకునే అవకాశం ఇవ్వడం దీని ఉద్దేశం. కానీ ఆచరణలో ఇది జనాన్ని రెండు నెలలు ఆపే అడ్డుగోడ అయిపోయిందని 1958లోనే లా కమిషన్ తన 14వ నివేదికలో ఈ సెక్షన్ తీసేయమంది. తీసెయ్యలేదు. 1976లో సవరించి, మరీ అత్యవసరమైతే కోర్టు అనుమతితో నోటీసు లేకుండానే దావా వెయ్యవచ్చన్నారు.

తీసేస్తే మంచిదని నేననుకోను. మా చిన్నాన్నకి కావలసింది డిక్రీ కాదు, కాలువ. పది మీటర్ల కాలువకి కోర్టు ఎందుకు, ఆ నోటీసు చదివి ఒక మనిషి వచ్చి చూస్తే చాలు.

తర్వాత దావా పడింది. ఇక్కడే సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 2002 జులై నుంచి అమల్లోకి వచ్చిన సవరణల ప్రభావం కళ్ళారా చూశాను. జవాబు దావా, అంటే దావాకి అవతలి వాళ్ళ రాతపూర్వక జవాబు, 30 రోజుల్లో వెయ్యాలి, కోర్టు ఒప్పుకుంటే 90 రోజుల దాకా. విచారణలో ఒక్కో పక్షానికి వాయిదాలు మూడుకి మించకూడదు. ఏళ్ళ తరబడి వాయిదాలు తిరిగిన వాళ్ళకి ఇది పెద్ద ఊరటే, కాదనను. కానీ అవతల ఉన్నది చిన్న పంచాయతీ. దానికి సొంత ప్లీడరు లేడు. పీఈఓ గారు (పంచాయతీ ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్ని మా వైపు అలాగే అంటారు) బదిలీ అయ్యారు, కొత్తాయనకి కేసు సంగతే తెలీదు. ప్లీడరు ఫీజు సంత వేలం డబ్బుల్లోంచో చెరువు వేలం డబ్బుల్లోంచో రావాలి. అప్పట్లో 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి కట్టేసి ఉండేది, దాన్ని కోర్టు ఖర్చుకి ముట్టుకోవడానికి లేకపోయింది. గడువు దాటిపోయింది, పంచాయతీ వాదన లేకుండానే చిన్నాన్న వైపు ఏకపక్ష డిక్రీ వచ్చింది. అప్పుడు మేలుకుని, దాన్ని రద్దు చెయ్యమని పంచాయతీ ఒక పిటిషన్ పెట్టింది, దానికి మళ్ళీ ఫీజు, మళ్ళీ వాయిదాలు. గెలిచిన చిన్నాన్నకీ టెన్షనే, ఓడిన పంచాయతీకీ టెన్షనే, వంటగదిలో నీళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి.

కొత్త సర్పంచి వచ్చాక లోక్ అదాలత్‌లో కూర్చున్నారు. అరగంటలో రాజీ కుదిరింది, కాలువ తవ్వుతామని రాసిచ్చారు, తవ్వారు. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు కూడా వెనక్కి వస్తుంది. ఆ అరగంట మాట నోటీసు అందిన మొదటి వారంలో మాట్లాడుకుని ఉంటే! ఎన్నిసార్లు తలుచుకున్నా మనసుకి కష్టంగా ఉంటుంది.

ఇంకో మార్పు కూడా వచ్చింది. 2018లో స్పెసిఫిక్ రిలీఫ్ చట్టాన్ని సవరించారు, రోడ్లు, వంతెనలు, తాగునీటి ప్రాజెక్టుల్లాంటివాటికి ఆలస్యం అయ్యేలా ఉంటే కోర్టు ఇంజంక్షన్ (పని ఆపమనే ఉత్తర్వు) ఇవ్వకూడదు. పని ఆగకూడదనే ఉద్దేశం నాకు అర్థమవుతుంది. కాకపోతే పని జరుగుతున్నప్పుడే "ఈ ఎత్తు తప్పు బాబూ" అని కోర్టులో ఆపించడం ఇప్పుడు మునుపటికంటే కష్టం, కాబట్టి ఆ మాట వినే చెవి పంచాయతీ ఆఫీసులోనే ఉండి తీరాలి.

నిజానికి ఈ చిక్కు సుప్రీంకోర్టుకి తెలుసు. సేలం అడ్వొకేట్ బార్ అసోసియేషన్ కేసులో 2005లో ఇచ్చిన తీర్పు ఆ 2002 సవరణల గురించే. అందులో, సెక్షన్ 80 నోటీసులకి చాలావరకు జవాబే ఉండదని, ఉన్నా అటూ ఇటూ కాకుండా ఉంటుందని కోర్టు గట్టిగా అన్నది. సెక్షన్ 80 గానీ అలాంటి వేరే నియమాల కింద గానీ వచ్చే నోటీసులకి గడువులోగా జవాబు వెళ్ళేలా చూసే బాధ్యత ఒక అధికారికి అప్పగించాలని, మూడు నెలల్లో ఆ పేరు ఖరారు చెయ్యాలని ప్రభుత్వాలకీ ఇతర అధికార సంస్థలకీ చెప్పింది. జవాబు ఇవ్వకపోతే భారీగా ఖర్చులు వెయ్యాలని, ఆ డబ్బు సంబంధిత అధికారి నుంచే రాబట్టవచ్చని కూడా అన్నది. అధికారి జేబులోంచి పోతుందంటే ఏ కవరూ బీరువాలో నిద్రపోదు. సంస్కరణ అంటే నాకు ఇదే, గడువులు తగ్గించడం కంటే ముందు ఇది జరగాలి. ఎందుకంటే గడువు పెద్ద శాఖకీ చిన్న పంచాయతీకీ ఒకటే, దాన్ని అందుకునే బలం మాత్రం ఒకటి కాదు.

ఫిబ్రవరిలో మా పల్లీసభ, అంటే ఊరి ఓటర్లంతా కూర్చునే సభ. నోటీసులకి ఒక రిజిస్టరు పెట్టండి, అందులో వచ్చిన తేదీ, జవాబు ఇచ్చిన తేదీ, రాసిన మనిషి సంతకం ఉండాలి, ప్రతి పల్లీసభలో చదివి వినిపించాలి అని అర్జీ ఇవ్వబోతున్నాను. ఒడియాలో రాయించాను, కింద తెలుగులో కూడా రాశాను. మొదటి సంతకం మా చిన్నాన్నదే.