మొదటి స్థానంలో వచ్చి ప్రతిపక్షంలో కూర్చున్నారు

2022 మే మొదటి వారంలో మా అమ్మాయి దగ్గరికి స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరో వెళ్ళాను. కోట, రాయల్ మైల్, ఆర్థర్స్ సీట్ కొండ అన్నీ తిరిగాను. వాటి గురించి రాసినవాళ్ళు చాలామందే ఉన్నారు. నేను చెప్పాలనుకుంటున్నది అక్కడ చూసిన కౌన్సిల్ ఎన్నిక గురించి.

టీచరుగా ఎన్నో ఎన్నికల డ్యూటీలు చేశాను. 2021 మార్చిలో హైదరాబాద్–రంగారెడ్డి–మహబూబ్‌నగర్ పట్టభద్రుల ఎమ్మెల్సీ కౌంటింగ్‌లోనూ ఉన్నాను. 93 మంది అభ్యర్థులు, దుప్పటిలా పరుచుకునే బ్యాలెట్ పేపరు. మొదటి ప్రాధాన్యంలో ఎవరికీ కోటా, అంటే గెలవడానికి కావలసినన్ని ఓట్లు, రాక, చివరి నుంచి ఒక్కొక్కరినీ ఎలిమినేట్ చేస్తూ రాత్రింబవళ్ళు లెక్కపెట్టాం. స్కాట్లాండ్‌లో ఊరి కౌన్సిలర్లను కూడా ఇలాగే ఇష్టపడే వరుసలో 1, 2, 3 అంకెలు వేసి ఎన్నుకుంటారని అమ్మాయి చెప్పగానే, పోలింగ్ రోజుకి అక్కడ ఉండేలా టికెట్ తీసుకున్నాను.

అమ్మాయి ఉండేది లీత్ వాక్ వైపు. ట్రామ్ లైను పనుల కోసం రోడ్డంతా తవ్వేశారు. కొత్తగా వేసిన సైకిల్ దారి తిన్నగా పోకుండా మెలికలు తిరుగుతూ పోతుంటే, దాన్ని చూసి జనం విసుక్కుంటున్నారు. ఇంటింటికీ వచ్చే కరపత్రాల్లోనూ చెత్త డబ్బాలు, గుంతలు, అద్దెల గొడవలే. ఊరి ఎన్నిక అంటే ఊరి సంగతులే మాట్లాడుకోవడం నాకు బాగా నచ్చింది.

మే 5, గురువారం. సాయంత్రం ఆఫీసు అయ్యాక అమ్మాయితో పోలింగ్ కేంద్రానికి నడిచి వెళ్ళాను. ఒక చర్చి హాలు. పోలీసు హడావిడి లేదు, క్యూ లేదు. వీసా మీద ఉన్న మన పిల్లలకు కూడా అక్కడ ఓటుంది, పేరు నమోదు చేయించుకుంటే చాలు. 16 ఏళ్ళు నిండినవాళ్ళకీ ఉంది. నేను బయటే ఆగిపోయి, గోడకి అంటించిన పెద్ద అక్షరాల నమూనా బ్యాలెట్‌ను మొదటి నుంచి చివరిదాకా చదివాను. పేర్లు ఇంటిపేరు అక్షరక్రమంలో ఉన్నాయి. ఒకే పార్టీ నుంచి ఇద్దరు నిలబడితే, పైన ఉన్న పేరుకి 1 పడే అవకాశం ఎక్కువట. అంకెలు ఎన్ని వేయాలన్నది మన ఇష్టం, ఒక్క 1 వేసి వచ్చేసినా ఓటు చెల్లుతుంది. లోపల ఓటు వేయడానికి పెన్సిల్ ఇస్తారని విని మొదట గాభరా పడ్డాను. అమ్మాయి వేలికి సిరా చుక్క కూడా లేకుండా బయటికి వచ్చింది. గుర్తింపు కార్డు కూడా అడగలేదట!

మర్నాడు కౌంటింగ్. కాగితాలను స్కాన్ చేసి బదిలీల లెక్కంతా కంప్యూటర్‌తో కట్టేస్తారు కాబట్టి, మేం రోజుల తరబడి చేసిన పని అక్కడ శుక్రవారమే తేలిపోయింది. నాలుగు సీట్ల వార్డులో కోటా అంటే చెల్లిన ఓట్లలో ఐదో వంతు, దానిపైన ఒక్క ఓటు. కోటాకి మించి వచ్చిన ఓట్లు, ఎలిమినేట్ అయినవాళ్ళ ఓట్లు కిందికి బదిలీ అవుతాయి. లీత్ వాక్ వార్డులో నాలుగు సీట్లు నాలుగు పార్టీలకు వెళ్ళాయి: గ్రీన్, ఎస్ఎన్‌పీ (స్కాటిష్ నేషనల్ పార్టీ), లేబర్, లిబరల్ డెమోక్రాట్. ఆ వీధిలో ఏ ఇంటి తలుపు తట్టినా, కౌన్సిల్‌లో తమ మనిషి అనుకోదగినవాళ్ళు ఒకరైనా ఉన్నారన్నమాట. ఈ అంకెల పద్ధతి అమల్లోకి వచ్చిన 2007కి ముందు ఇలా లేదు. 2003లో గ్లాస్గోలో సగం ఓట్లు కూడా రాని లేబర్ పార్టీ 79 సీట్లలో 71 పట్టుకుపోయింది. 2004లో చట్టం మార్చింది ఇలాంటి అన్యాయం వల్లే.

అసలు టెన్షన్ ఫలితాల తర్వాతే మొదలైంది. ఎడిన్‌బరోలో 63 సీట్లు. ఎస్ఎన్‌పీకి 19, లేబర్‌కి 13, లిబరల్ డెమోక్రాట్లకి 12, గ్రీన్ పార్టీకి 10, కన్జర్వేటివ్‌లకి 9. మెజారిటీకి 32 కావాలి. ఎస్ఎన్‌పీ, గ్రీన్ కలిసినా 29 దగ్గరే ఆగిపోయారు. అంతకుముందు ఐదేళ్ళూ ఎస్ఎన్‌పీ, లేబర్ కలిసే నడిపాయి కాబట్టి మళ్ళీ అదే అవుతుందనుకున్నవాళ్ళు చాలామంది. వారాల తరబడి మంతనాలు సాగాక, మే నెలాఖరులో 13 మంది ఉన్న లేబర్ పార్టీయే లిబరల్ డెమోక్రాట్ల, కన్జర్వేటివ్‌ల మద్దతుతో పగ్గాలు పట్టింది. క్యామీ డే లీడరయ్యారు. ఆ ఏర్పాటుకి ఓటేయని ఇద్దరు లేబర్ కౌన్సిలర్లను వాళ్ళ పార్టీ సస్పెండ్ చేసింది. మొదటి స్థానంలో వచ్చిన ఎస్ఎన్‌పీ ప్రతిపక్షంలో కూర్చుంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఇద్దరికీ గట్టి వాదనే జరిగింది. "ఇది మోసం కాదా నాన్నా, గెలిచినవాళ్ళని పక్కన పెట్టేశారు" అంటుంది అమ్మాయి. నేను ఒప్పుకోలేదు. 63లో 19 వస్తే ముందు నిలిచినట్టే గానీ గెలిచినట్టు కాదు. మిగతా 44 మందినీ ప్రజలే పంపారు, వాళ్ళలో ఎక్కువమంది ఎవరికి తలూపితే వాళ్ళే నడపాలి. కానీ ఆమె మాటలో ఒక న్యాయం ఉంది. లేబర్‌కి 1 వేసిన మనిషి, ఆ ఓటు కన్జర్వేటివ్‌ల మద్దతుతో కౌన్సిల్ నడపడానికి పనికొస్తుందని తెలిస్తే వేసేవాడా? బదిలీ ఓటు ఎటు పోవాలో ఓటరు తన చేత్తో రాస్తాడు. కౌన్సిలర్ల పొత్తు మాత్రం తలుపులు మూసుకుని తేల్చుకుంటారు. ఎవరితో కలుస్తామో, ఎవరితో చచ్చినా కలవమో పార్టీలు కరపత్రంలోనే రాసివ్వాలని నా గట్టి అభిప్రాయం.

తిరుగు ప్రయాణానికి ముందు రాయల్ మైల్‌లోని సిటీ ఛాంబర్స్‌కి, అంటే కౌన్సిల్ భవనానికి, మరోసారి వెళ్ళాను. తోరణాల వెనక రాతి ముంగిలి దాటి గుమ్మం దగ్గర నిలబడి, మన మున్సిపాలిటీల్లో ఛైర్మన్ ఎన్నికకు ముందు కౌన్సిలర్లను బస్సులెక్కించి క్యాంపులకు తరలించడం గురించి అమ్మాయికి చెప్పాను. ఇక్కడ బేరాలు వారాల పాటు సాగినా, ఎవరు ఎటు ఓటేశారో అందరికీ తెలిసింది. ఎదిరించిన ఇద్దరి పేర్లు కూడా పేపర్లలో వచ్చాయి.

ఆ ఏర్పాటు ఎంత బలహీనమో 2023 ఫిబ్రవరిలో తెలిసింది. అధికారంలో ఉన్న లేబర్ పెట్టిన బడ్జెట్ వీగిపోయి, 12 మంది ఉన్న లిబరల్ డెమోక్రాట్ల బడ్జెట్ పాసైంది. మద్దతిచ్చినవాళ్ళలో లేబర్ కూడా ఉంది. అమ్మాయి ఫోన్ చేసి, "ఇప్పుడేమంటావు నాన్నా?" అంది. ఏ పార్టీ ఏ పద్దుకి ఎంత అడిగిందో పంపమన్నాను. చదవకుండా ఏమీ చెప్పదలచుకోలేదు.